కుందేటి కొమ్ము, గాడిద గుడ్డు

*కథల్లో, గుడి స్తంభాల మీద, సినిమాల్లో తిరిగే లేని జంతువులు ఎక్కడ పుట్టాయి? వాటి వెనక ఉన్న అసలు జంతువులు ఏమయ్యాయి?*

జరగని పని గురించి చెప్పాల్సి వస్తే తెలుగువాళ్లకు రెండు జంతువులు గుర్తొస్తాయి. ఒకటి కొమ్మున్న కుందేలు, ఇంకొకటి గుడ్డు పెట్టిన గాడిద. మొదటిది పండితుల మాట. భర్తృహరి సుభాషితాలను ఏనుగు లక్ష్మణకవి తెలుగులోకి తెచ్చాక బడికెళ్లిన పిల్లలందరికీ చేరింది. ఇసుకలోంచి నూనె తీయడం, కుందేటి కొమ్ము సంపాదించడం లాంటి అసాధ్యాలన్నీ సాధ్యమైనా మూర్ఖుడి మనసును మెప్పించడం మాత్రం కుదరదని ఆ పద్యం చెబుతుంది. రెండోది ఊరి మాట. ఎదుటివాడు చెప్పేదంతా ఒట్టిదేనని తేల్చడానికి అరుగుల మీద, టీకొట్ల దగ్గర రోజూ వినిపిస్తుంది.

మన తర్కశాస్త్రంలోనూ కుందేటి కొమ్ముది పెద్ద పీటే. శశవిషాణం, ఆకాశకుసుమం, గొడ్రాలి బిడ్డ. ‘లేదు’ అన్నప్పుడు మనం దేని గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవడానికి నైయాయికులూ బౌద్ధులూ శతాబ్దాల తరబడి వీటినే ముందు పెట్టుకుని వాదించుకున్నారు. కుందేలు ఉంది, కొమ్మూ ఉంది, కుందేటికి కొమ్మే లేదు. మనిషి ఊహ ఒట్టి గాల్లోంచి దేన్నీ పుట్టించదు. చూసినవాటిని విడదీసి ఇంకో రకంగా అతుకుతుంది. లోకంలోని కల్పిత జంతువుల్లో ఏది తీసుకున్నా ఇదే వరస. సింహం ఒళ్లు, ఏనుగు తొండం, గుర్రం మెడ, చేప తోక అంటూ విప్పుకుంటూ పోతే చివరికి అన్నీ మనకు తెలిసిన ముక్కలే చేతికొస్తాయి.

అయితే ఎన్నటికీ ఉండవని మనం తీర్మానించిన ఆ రెండూ ఒకరకంగా దొరికాయి. ఒకటి అమెరికా గడ్డి మైదానాల్లో, మరొకటి ఆస్ట్రేలియా ఏటి ఒడ్డున. లేని జంతువుల గురించి వచ్చిన కథలను గుడ్డిగా నమ్మడమా, నవ్వి వదిలేయడమా అనే ప్రశ్నకు ఆ రెండూ దొరికిన తీరే జవాబు చెబుతుంది.

కుందేటికి కొమ్ములు మొలిచాయి

కొమ్మున్న కుందేలు ఉందన్నవాళ్లు మన దేశానికి అవతల చాలామందే ఉన్నారు. సృష్టిలోని వింతల గురించి పదమూడో శతాబ్దంలో జకరియా అల్ ఖజ్వీనీ రాసిన గ్రంథంలో హిందూ మహాసముద్రపు దీవి ఒకటుంది. అక్కడి పసుపుపచ్చని కుందేటి తల మీద ఒకే ఒక్క నల్లకొమ్ము. దాన్ని చూస్తే మిగతా మృగాలన్నీ పరుగు తీస్తాయట. పదహారో శతాబ్దంలో యోరిస్ హూఫ్‌నాగెల్ అనే చిత్రకారుడు మామూలు కుందేళ్ల సరసనే జింకకొమ్ముల కుందేటినీ ఎంతో శ్రద్ధగా చిత్రించాడు. మీసం వెంట్రుకలు కూడా లెక్కపెట్టగలిగేంత నిదానంగా బొమ్మలు వేసే మనిషి ఆయన. యూరప్ ప్రకృతి శాస్త్ర గ్రంథాల్లో ఆ కుందేలు పద్దెనిమిదో శతాబ్దం దాకా చోటు నిలుపుకొంది.

1930లలో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, డగ్లస్ అనే చిన్న ఊళ్లో అది ఇంకో అవతారమెత్తింది. అక్కడి హెరిక్ సోదరులకు చచ్చిన జంతువుల తోళ్లలో పీచు కూరి బొమ్మలు చేసే విద్య తెలుసు. వేట నుంచి వచ్చి కుందేటిని నేల మీద పడేస్తే అది జారుకుంటూ వెళ్లి జింక కొమ్ముల జత పక్కన ఆగిందని, అక్కడే ఆలోచన పుట్టిందని వాళ్లు చెప్పుకున్నారు. కుందేటి తలకు కొమ్ములు బిగించిన ఆ బొమ్మ పేరు జాకలోప్. హోటళ్లలో, పానశాలల్లో గోడలకెక్కింది. ఊరు ఊరంతా దాన్ని తమ గుర్తుగా పెట్టుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్త చెవిన ఇంకో మాట పడింది. ఆయన అయోవా రాష్ట్రపు పల్లె వాతావరణంలో పెరిగినవాడు, రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థలో పనిచేసేవాడు. కొమ్ములున్న కుందేళ్లను చూశామని వేటగాళ్లు అంటుంటే ఆయన నవ్వేసి ఊరుకోలేదు. వాటిని తెప్పించుకుని చూశాడు. తల మీద, మూతి చుట్టూ నల్లగా, బిరుసుగా పెరిగిన పులిపిర్లు ఉన్నాయి. కొన్ని అచ్చం కొమ్ముల్లా పొడవుగా సాగాయి. వాటిని నూరి, ద్రవంలో కలిపి, బ్యాక్టీరియా దూరలేని వడపోత గుండా పోనిచ్చాడు. అలా వడిసిన ద్రవాన్ని వేరే కుందేళ్ల చర్మం మీద గీరి రాశాడు. వాటికీ మొలిచాయి. వడపోతను దాటుకుని వచ్చిందంటే అది వైరసే. 1933లో షోప్ ఈ సంగతి ప్రకటించాడు.

ఆయన మిత్రుడు పేటన్ రౌస్ ఆ వైరస్‌ను పెంపుడు కుందేళ్లలో పరీక్షించి, ఈ పులిపిర్లు క్రమంగా క్యాన్సర్‌గా మారుతున్నాయని చూపించాడు. పాలిచ్చి పెంచే జంతువుల్లో వైరస్ వల్ల క్యాన్సర్ రావడం అప్పటిదాకా రుజువుకాని సంగతి. అదే పాపిలోమా వైరస్ కుటుంబంలో మనుషులకు సోకే రకాలు ఉన్నాయి. వాటిలో రెండింటిని జర్మన్ వైద్యుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983, 1984లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణితుల్లోంచి వేరుచేసింది. ఆయనకు 2008లో నోబెల్ వచ్చింది. ఈ వైరస్‌ను అడ్డుకునే టీకా 2006లోనే వాడకంలోకి వచ్చింది. ఆ టీకా పరిశోధనల్లో కుందేటి కొమ్ముల వైరస్‌ను నమూనాగా వాడారు.

మన దేశపు ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా కనిపించేది ఈ గర్భాశయ ముఖద్వార క్యాన్సరే. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకా వేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ‘సర్వావాక్’ పేరుతో దాన్ని ఇక్కడే తయారుచేస్తోంది. లేనిదానికి ఉదాహరణగా మనం తరతరాలుగా చెప్పుకున్న కొమ్ము మన ఆడపిల్లల ప్రాణం కాపాడే మందుకు దారి చూపింది. ఒక మనిషి వేటగాళ్ల మాటను కొట్టిపారేయకుండా వెళ్లి చూసినందుకు ఇదంతా జరిగింది.

గాడిద పెట్టకపోయినా...

1799లో లండన్‌లో జార్జ్ షా అనే పండితుడి ముందుకు ఆస్ట్రేలియా నుంచి ఎండిన తోలు ఒకటి వచ్చింది. బాతుకున్నట్టు ముక్కు, ఒళ్లంతా దట్టమైన బొచ్చు, తెడ్డులాంటి తోక, వేళ్ల మధ్య చర్మం. ఎవరో కావాలని ఒక జంతువు తలకు ఇంకో దాని ముక్కు కుట్టారేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. ఆ అనుమానాన్ని దాచుకోకుండా రాతలోనూ పెట్టాడు. అదే ప్లాటిపస్. కుట్లు లేవని తేలాక అసలు గొడవ మొదలైంది. దీనికి పాలగ్రంథులు ఉన్నాయని తెలిసింది. మరి పిల్లల్ని కంటుందా, గుడ్లు పెడుతుందా? యూరప్ మహా పండితులు దాదాపు ఎనభై ఏళ్లు దీని మీద కొట్టుకున్నారు.

ఆస్ట్రేలియా ఏటి గట్ల మీద తరాలుగా బతుకుతున్న ఆదివాసులు అది గుడ్లు పెడుతుందని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. వాళ్ల మాటను ఆటవికుల కట్టుకథల కింద జమకట్టారు. 1884లో విలియం కాల్డ్‌వెల్ అనే యువ శాస్త్రవేత్త క్వీన్స్‌లాండ్‌లోని బర్నెట్ నది దగ్గర ఒక ఆడ ప్లాటిపస్‌ను కాల్చాడు. అది అప్పటికే ఒక గుడ్డు పెట్టింది, రెండో గుడ్డు కడుపులోనే ఉంది. ఆ వార్త తంతి మీద మాంట్రియల్‌లో జరుగుతున్న శాస్త్రవేత్తల సభకు చేరింది. కాల్డ్‌వెల్ కోసం గట్లు తవ్వి జంతువుల్ని పట్టి తెచ్చినవాళ్లు ఆదివాసులే. పేరు మాత్రం ఆయనకు దక్కింది.

నా దృష్టిలో ఇది కుందేటి కొమ్ము కన్నా బరువైన ఉదాహరణ. అక్కడ కథ అబద్ధం, దాని వెనక రోగం నిజం. ఇక్కడ కథ అనుకున్నదే పూర్తి నిజం. చెప్పినవాళ్లు ఎవరన్నదాన్ని బట్టి ఒక జంతువు ఎనభై ఏళ్లు అబద్ధంగా ఉండిపోయింది.

సింహాన్ని చూడని శిల్పి

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్లినవాళ్లు సాధారణంగా తలెత్తి చూసేది మదనికలను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ నల్లరాతి నర్తకీమణుల బొమ్మలు ప్రతి క్యాలెండరు మీదికీ ఎక్కాయి. మదనికలు ద్వారాల దగ్గర మాత్రమే ఉంటాయి. గుడి చుట్టూ చూరు కింద ఆనుకుని నిలబడ్డ మిగతా బొమ్మలను చూసేవాళ్లు తక్కువ. అవి వ్యాళాలు. ఏనుగు, సింహం ఒక ఒంట్లో కలిసిపోయిన మృగాలు. సామాన్యుల మాటలో యాళి. దక్షిణాది శిల్పి వందల ఏళ్ల పాటు వదలకుండా చెక్కిన జంతువేదైనా ఉందంటే అది ఇదే.

అపరాజితపృచ్ఛ అనే శిల్పశాస్త్ర గ్రంథం ముఖాన్ని బట్టి వ్యాళాలను పదహారు రకాలు చేసింది. సింహముఖం, గజముఖం, అశ్వముఖం, నరముఖం, ఇంకా పొట్టేలు, చిలుక వరకూ. శాస్త్రం ముఖాల పట్టిక ఇచ్చి ఊరుకుంది. ఆ ముఖాన్ని మెడకు ఎలా కలపాలి, తొండం ఎక్కడ మొదలై ఎక్కడ మెలిక తిరగాలి, వెనక కాళ్ల మీద లేచిన బరువును ఏ రాయి మోయాలి అన్నవి శిల్పి తేల్చుకున్నాడు. అతుకు ఎక్కడుందో కనపడకుండా చేయడంలోనే ఉంది ఆ పనితనం. కొన్ని దక్షిణాది ఆలయాల్లో యాళి నోట్లో రాతి గుండు ఉంటుంది. వేలు పెట్టి తిప్పితే తిరుగుతుంది, బయటికి మాత్రం రాదు. నోటినీ గుండునూ ఒకే రాయిలో చెక్కారు.

ఇక్కడ తరచూ మనం పట్టించుకోని సంగతి ఒకటుంది. చరిత్రకాలంలో సింహాలు నర్మదకు దక్షిణాన తిరిగినట్టు ఆధారాలు లేవు. ఇప్పుడైతే దేశం మొత్తం మీద అడవి సింహాలు గుజరాత్‌లోని గిర్ ప్రాంతంలోనే ఉన్నాయి. ఓరుగల్లు శిల్పికి ఏనుగు తెలుసు. కాకతీయుల సైన్యంలో ఏనుగులుండేవి, నడకనీ కంటి కోణాన్నీ రోజూ చూడొచ్చు. పులి తెలుసు, చిరుత తెలుసు, ఎలుగు తెలుసు. సింహాన్ని కళ్లారా చూసే అవకాశం మాత్రం లేదు. ముత్తాతలు చెక్కిన సింహాన్ని చూసి తాతలు, తాతలది చూసి తండ్రులు చెక్కుకుంటూ వచ్చారు. అందుకే మన గుళ్లలోని సింహానికి జూలు ఉంగరాలు ఉంగరాలుగా చుట్టుకుంటుంది, కనుగుడ్లు బయటికి పొడుచుకొస్తాయి, నోరు చెవుల దాకా సాగుతుంది. అంటే ఆ శిల్పికి యాళి ఎంత కల్పనో సింహమూ అంత కల్పనే. మన దృష్టిలో ఒకటి నిజం జంతువు, ఇంకొకటి అబద్ధపు జంతువు. ఆయన ఉలికి ఆ తేడా లేదు.

సింహం తిరగని ఈ నేల మీదే అహోబిలం, సింహాచలం, మంగళగిరి, యాదగిరిగుట్ట వెలిశాయి. భక్తులు కొలిచే నరసింహ రూపాన్ని నేను ఈ వరసలో చేర్చడం లేదు. దాని నేల వేరు, అది అడిగే చూపు వేరు. గుడి స్తంభం మీది యాళి మాత్రం కొలిచేది కాదు, కావలి కాసేది.

విజయనగర కాలానికి వచ్చేసరికి యాళి వెనక కాళ్ల మీద నిలువెత్తున లేచింది. హంపి విఠలాలయంలో, తాడిపత్రి చింతల వెంకటరమణ ఆలయంలో స్తంభాలకు స్తంభాలే యాళులైపోయాయి. వాటి మీద రౌతులు, చేతుల్లో కళ్లేలు. విజయనగర రాజులు అరేబియా, పర్షియా నుంచి ఓడల మీద వచ్చే గుర్రాల కోసం ధనాగారాలు కుమ్మరించిన కాలమది. యుద్ధంలో గెలుపోటములు గుర్రపు దళం మీద ఆధారపడ్డాయి. కాబట్టి ఆనాటి కల్పిత మృగానికీ జీను పడింది. ఏ కాలపు భయమైనా, అవసరమైనా ఆ కాలపు యాళిలో కనిపిస్తుంది.

మన ఉత్తరాంధ్ర సరిహద్దు దాటితే ఇంకో అద్భుతం ఉంది. పదిహేనో శతాబ్దంలో సారళాదాసు ఒడియాలో రాసిన మహాభారతంలో శ్రీకృష్ణుడు అర్జునుడి ముందు నవగుంజర రూపంలో నిలబడతాడు. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక, కాళ్లలో ఒకటి ఏనుగుది, ఒకటి పులిది, ఒకటి గుర్రానిది, నాలుగో కాలి చోట మనిషి చెయ్యి. అర్జునుడు బాణం ఎక్కుపెడతాడు. ఆ మనిషి చేతిని చూసి ఆగి, విల్లు దించి దండం పెడతాడు. వింతగా కనిపించిన దాన్ని చంపే ముందు ఇంకోసారి చూడాలన్న ఆలోచనను ఇంతకన్నా బాగా చెప్పిన కథ నాకు తెలియదు. పూరీ పటచిత్రాల్లో, గంజాం జిల్లాలో ఆడే గుండ్రటి గంజప ముక్కల మీద ఆ రూపం ఇప్పటికీ ఉంది.

తెలుగు పిల్లలకు ఇలాంటి మృగాలను ఇంటికి తెచ్చిచ్చింది చందమామ. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు, వాటికి చిత్రకారుడు ‘చిత్ర’ వేసిన బొమ్మలు రెండు మూడు తరాల ఊహను తీర్చిదిద్దాయి. ‘భల్లూక మాంత్రికుడు’ పేరు వింటేనే ఇప్పటికీ అరవై దాటినవాళ్ల ముఖాలు వెలుగుతాయి. విఠలాచార్య సినిమాల్లో మంత్రగాడు కన్నెర్ర చేస్తే కథానాయకుడు నాలుగు కాళ్ల జంతువైపోయేవాడు. హాలీవుడ్ 1933లో కింగ్‌కాంగ్‌ను నిలబెట్టినట్టే మనవాళ్లు చేతిలో ఉన్న కెమెరాతో, అట్టముక్కలతో తమ మృగాలను తాము నిలబెట్టుకున్నారు. కంప్యూటర్ బొమ్మల కాలం వచ్చాక మన తెరకు పులులూ ఎలుగులూ కావలసినన్ని వచ్చాయి. ఒక్క యాళీ పెద్ద తెర మీద సరిగ్గా గర్జించలేదన్న కొరత నాకుంది. రామప్ప చూరు కింద అంత సరంజామా ఉండగా ఎక్కడో పుట్టిన డ్రాగన్లను అరువు తెచ్చుకోవాల్సిన పనిలేదు.

ఒంటికొమ్ము వెల

ఊహ నుంచి పుట్టిన జంతువు ఒక్కోసారి నిజం జంతువు ప్రాణం తీస్తుంది. ఒంటికొమ్ము గుర్రం చరిత్ర అదే.

పాశ్చాత్య కథల్లో తెల్లగా, నాజూకుగా మెరిసే యూనికార్న్ మూలం మన దేశం గురించి పుట్టిన ఒక పుకారు. క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో పర్షియా రాజాస్థానంలో టీసియస్ అనే గ్రీకు వైద్యుడుండేవాడు. ఆయన భారతదేశంలో అడుగుపెట్టలేదు. పర్షియాకు వచ్చిపోయేవాళ్లు చెప్పింది విని ‘ఇండికా’ రాశాడు. అందులో భారతదేశపు అడవి గాడిదలకు నుదుట మూరన్నర కొమ్ము, తెల్లని ఒళ్లు, ఎర్రని తల, నీలికళ్లు. ఆ కొమ్ముతో చేసిన గిన్నెలో తాగితే విషం ఎక్కదని కూడా రాశాడు. మన ఖడ్గమృగం గురించి ఎవరో చెప్పింది అడవి గాడిదతో, ఇంకేవో జంతువులతో కలిసిపోయి ఆయన దగ్గరికి చేరి ఉండాలి.

విషానికి విరుగుడు అన్న ఆ ఒక్క మాట రెండువేల ఏళ్లు బతికింది. విషప్రయోగాలకు భయపడే యూరప్ రాజులు ఒంటికొమ్ము కోసం బంగారం గుమ్మరించారు. అమ్మినవాళ్లు తెచ్చిచ్చింది ఉత్తర ధ్రువ సముద్రాల్లోని నార్వాల్ అనే తిమింగలపు దంతం. అది కొమ్ము కాదు, మగ నార్వాల్ పైదవడ ఎడమ పన్ను పెదవిని చీల్చుకుని మెలికలు తిరుగుతూ పది అడుగుల దాకా పెరుగుతుంది. 1638లో ఓలే వోర్మ్ అనే డెన్మార్క్ వైద్యుడు కపాలాన్ని చూపించి మరీ ఇది సముద్రజీవి పన్ను అని చెప్పాడు. అయినా ఆ శతాబ్దంలోనే డెన్మార్క్ రాజులు ఆ దంతాలతో సింహాసనం చేయించుకున్నారు. కోపెన్‌హేగన్‌లోని రోజెన్‌బోర్గ్ కోటలో అది ఇప్పటికీ ఉంది. మందుల దుకాణాల్లో ఒంటికొమ్ము పొడి అమ్మకం ఆ తర్వాత కూడా ఆగలేదు.

మార్కో పోలో సుమత్రాలో ఖడ్గమృగాన్ని చూసి నిరాశపడ్డాడు. కన్నెపిల్ల ఒళ్లో తలవాల్చే నాజూకు జంతువు కోసం ఎదురుచూసిన మనిషికి బురదలో పొర్లే భారీకాయం కనిపించింది. ఆ కన్నెపిల్ల కథకు మన రామాయణ, మహాభారతాల్లోని ఋష్యశృంగుడి కథతో పోలిక ఉందని పండితులు ఎత్తిచూపారు. లేడికి పుట్టి, నుదుట కొమ్ముతో అడవిలో పెరిగిన ముని. ఆయనను రప్పిస్తేనే వానలు పడతాయని అంగరాజు రోమపాదుడు స్త్రీలను పంపుతాడు. అడవి శక్తిని ఆడదాని లాలన లొంగదీయడం రెండు చోట్లా ఉంది. ఏది ఎటు నుంచి ఎటు వెళ్లిందన్నది తేలే విషయం కాదు.

ఒంటికొమ్ముకు ఇంకా పాత ఇల్లు సింధులోయ. హరప్పా, మొహెంజొదారో ముద్రల్లో సగానికి పైగా కనిపించేది ఒకే కొమ్మున్న, ఎద్దు ఒళ్లున్న జంతువు. దాని ముందు దాదాపు ఎప్పుడూ ఒక స్తంభంలాంటి పాత్ర. పక్క నుంచి గీశారు కాబట్టి రెండో కొమ్ము కనపడలేదని కొందరన్నారు. అయితే అవే ముద్రల మీద మూపురపు ఎద్దుకు రెండు కొమ్ములూ కనిపించేలా చెక్కారు. ఒకే కొమ్ముతో మట్టిబొమ్మలు కూడా దొరికాయి. పోనీ ఖడ్గమృగమా అంటే దాన్ని వేరే ముద్రల మీద మడతల చర్మంతో సహా చక్కగా చెక్కారు. చూసిన ఖడ్గమృగం పక్కనే చూడని ఒంటికొమ్మును పెట్టుకున్నారంటే వాళ్లకు రెంటి తేడా బాగా తెలుసు. అది వాళ్ల వంశ చిహ్నమో, వర్తకుల గుర్తో. లిపి చదవగలిగితే తెలుస్తుంది.

ఒంటికొమ్ము మీది మోజు ఖడ్గమృగాన్ని చంపుతూ వచ్చింది. దాని కొమ్ములో ఉన్నది మన గోళ్లలో, జుట్టులో ఉన్న కెరటినే. అందులో మందు గుణం లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో భారతీయ ఖడ్గమృగాలు 200 లోపుకు పడిపోయాయి. కాపలా, చట్టం, అటవీ సిబ్బంది కష్టం కలిసి ఇప్పుడు భారత్, నేపాల్‌లలో కలిపి 4,000 దాటాయి. 2021 సెప్టెంబరు 22న అసోం ప్రభుత్వం తన ఖజానాల్లో పోగుపడ్డ 2,479 కొమ్ములను బోకాఖాట్‌లో చితి పేర్చి తగలబెట్టింది. వీటికి వెల లేదని లోకానికి చెప్పడానికి అంతకన్నా సూటి మార్గం లేదు.

మంచులో అడుగులు, అడవిలో కొమ్ములు

హిమాలయాల యతి గురించి క్లుప్తంగా. 1951లో ఎరిక్ షిప్టన్ తీసిన అడుగుజాడ ఫొటోతో లోకమంతా దాని వెంట పడింది. వేటగాళ్ల తాకిడి ఎంతగా పెరిగిందంటే యతిని వెతకాలంటే 5,000 రూపాయల రుసుము కట్టాలని, ఆత్మరక్షణకు తప్ప కాల్చకూడదని నేపాల్ ప్రభుత్వ నిబంధనలున్నట్టు 1959లో అమెరికా దౌత్య కార్యాలయం కాగితం రాసుకుంది. ఖుంజుంగ్ మఠంలో పూజలందుకునే యతి నెత్తిచర్మాన్ని ఎడ్మండ్ హిల్లరీ 1960లో ఊరివాళ్ల అనుమతితో పరీక్షకు తీసుకెళ్లాడు. అది సెరో అనే కొండమేక జాతి జంతువు తోలుతో చేసిందని తేలింది. 2017లో యతివని చెప్పే తొమ్మిది నమూనాల డీఎన్‌ఏ చూస్తే ఎనిమిది ఎలుగులవి, ఒకటి కుక్కది. షెర్పాలు చెప్పుకునే యతి మంచులో దారితప్పకు, కొండను తేలిగ్గా చూడకు అనే హెచ్చరిక. దాన్ని బోనులో పెట్టాలనుకోవడం బయటివాళ్ల వెర్రి.

దీనికి రెండో వైపు ఉంది. కాంగో అడవుల్లో జీబ్రా చారల కాళ్లున్న జంతువు ఉందని అక్కడి మబుటీ ప్రజలు చెబితే దాన్ని ఆఫ్రికా యూనికార్న్ అన్నారు. 1901లో తోలు, కపాలం బయటికి వచ్చాక అది జిరాఫీకి దగ్గరి చుట్టమైన ఒకాపీ అని తేలింది. 1992 మేలో వియత్నాంలోని వూ క్వాంగ్ అడవి పక్క ఊళ్లలో వేటగాళ్ల ఇళ్ల గోడలకు పొడవాటి, సూటి కొమ్ములు వేలాడుతుంటే శాస్త్రవేత్తలు చూసి నిర్ఘాంతపోయారు. ఆవు కన్నా బాగా చిన్నదైన ఆ జంతువు శాస్త్రానికి పూర్తిగా కొత్త. ఊరివాళ్లకు మాత్రం అది సావొలా, కూర వండుకునే మృగం. రెండు కొమ్ములూ ఎంత సమాంతరంగా ఉంటాయంటే పక్క నుంచి చూస్తే ఒక్కటే కనిపిస్తుంది. ఆసియా యూనికార్న్ అని పేరొచ్చింది. అడవిలో అమర్చిన కెమెరాకు అది చివరిసారి చిక్కింది 2013లో. వేరే జంతువుల కోసం పన్నిన తీగ ఉచ్చులు దాన్ని దాదాపు తుడిచిపెట్టేశాయి.

‘వింత జంతువు కలకలం’

మన పత్రికల్లో, టీవీల్లో ఏడాదికి చాలాసార్లు కనిపించే మాట ఇది. ఏదో ఊళ్లో రాత్రిపూట వింత జంతువు తిరుగుతోందంటారు. దూడకు రెండు తలలు పుడితే బ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పారంటారు. అది పిండం పూర్తిగా విడిపోకపోవడం వల్ల వచ్చే వైకల్యం, అన్ని దేశాల్లోనూ జరుగుతుంది. ఊరివాళ్లు కర్రలు పట్టుకుని తరిమిన మృగం దుమ్ములగొండి, పునుగుపిల్లి, ముళ్లపంది, అలుగు వీటిలో ఏదో ఒకటై ఉంటుంది.

ఈ జాబితాలో నా గుండెను ఎక్కువగా పిండేది దేవాంగపిల్లి. గుప్పెడంత ఒళ్లు, ముఖమంతా కళ్లే, పుల్లల్లాంటి కాళ్లు, తోక లేదు. రాత్రిపూట కొమ్మల మీద నెమ్మదిగా కదులుతూ పురుగులు తింటుంది. కోతులకు దూరపు చుట్టం. చూడగానే కథలోంచి లేచొచ్చినట్టుంటుంది, అదే దాని శాపం. చేతబడికి పనికొస్తుందని, కళ్లలో మందుందని దాన్ని పట్టి హింసించేవాళ్లు ఇంకా ఉన్నారు. అలుగు పొలుసులను మందుల పేరుతో దేశం దాటిస్తున్నారు. యాళి నోట్లోని రాతిగుండును తిప్పి చూసి మురిసిపోవడం వేరు, ఊపిరున్న ప్రాణిని మంత్రాల సామగ్రిగా చూడటం వేరు.

అందుకే పాఠకులను రెండు పనులు కోరుతున్నాను. మీ ఊళ్లో, మీ అడవి అంచు గూడెంలో పెద్దవాళ్లు ఏదైనా వింత మృగం గురించి చెబితే అడ్డు చెప్పకుండా వినండి. ఎప్పుడు చూశారు, ఎక్కడ, ఏం తింటోంది, ఏ పేరుతో పిలుస్తారు అని అడిగి రాసిపెట్టండి. ఇంకొకటి, మీ వీధిలోకి తెలియని జంతువు వస్తే చుట్టుముట్టకండి, కర్రలు ఎత్తకండి, దూరంగా ఉండి అటవీశాఖకు కబురు పెట్టండి. దేవాంగపిల్లి, అలుగు రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని పట్టినా, చంపినా, అమ్మినా జైలుశిక్ష పడుతుంది.